గళ్ళు లేని చదరంగం

ఈ సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు, పూర్వ విద్యార్థిని గనుక క్రమశిక్షణ గురించో, ఉద్యోగాల గురించో రాయాలి కాబోలు అనుకున్నాను. అవి రాసేవాళ్ళు చాలామంది వున్నారు. నేను బొమ్మల యుద్ధం గురించి రాస్తాను. నవ్వకండి. ఆ బొమ్మల మూలంగా ఒక నెలంతా పచ్చడి మెతుకులతో గడిపినవాణ్ణి.

చదరంగం మనకు తెలుసు. పులి-మేక తెలుసు. వాటికి గళ్ళో, గీతలో వుంటాయి. అవి చెరిపేసి, బల్ల మీద బొమ్మ సైనికులను నిలిపి, నడకను టేపుతో కొలిచి, దెబ్బ తగిలిందో లేదో పాచికలు వేసి తేల్చుకోవడమే ఈ ఆట. 1824లో ప్రష్యా సైన్యంలో రైస్విట్జ్ అనే అధికారి, పటం మీద దిమ్మలు జరిపే యుద్ధక్రీడకు నియమాలు అచ్చువేయించాడు. 1913లో హెచ్.జి. వెల్స్ ‘లిటిల్ వార్స్’ అనే పుస్తకంతో బొమ్మల యుద్ధాన్ని ఇంటి గచ్చు మీదికి తెచ్చాడు. 1971లో అమెరికాలో వచ్చిన ‘చైన్‌మెయిల్’ నియమాలలో మాంత్రికులూ, డ్రాగన్లూ ప్రవేశించారు.

నేను 2002లో ఎం.ఎస్. చదవడానికి అమెరికా వెళ్ళినప్పుడు అక్కడి కుర్రాళ్ళు ‘మేజ్ నైట్’ ఆడుతున్నారు. విజ్‌కిడ్స్ అనే కంపెనీ 2000లో తెచ్చిన ఆట అది. అంతకుముందు ఇలాంటి ఆటల్లో బొమ్మలు కొని, అతికించి, రంగులు వేసుకునేసరికి నెలలు గడిచేవి. ఇందులో రంగు వేసిన బొమ్మే వస్తుంది. అసలు తెలివి దాని పీటలో వుంది. పీట కింద తిరిగే చక్రం. చిన్న కిటికీలోంచి వేగం, దాడి, రక్షణ, దెబ్బ అనే అంకెలు కనిపిస్తాయి. దెబ్బ తగిలితే చక్రాన్ని ‘టిక్కు’మని తిప్పాలి. సాధారణంగా అంకెలు తగ్గుతాయి. మూడు పుర్రెలు కనిపించాయంటే మనవాడు హరీ!

ఒక ఉదాహరణ చెబుతాను. మీ బొమ్మ దాడి 8, ఎదుటివాడి రక్షణ 15. రెండు పాచికల మొత్తం 7 గానీ, అంతకన్నా ఎక్కువ గానీ పడాలి. 36 విధాల్లో 21 మీకు అనుకూలం. గాయపడి దాడి 6కు దిగిందా, ఇక 9 పడాలి. అనుకూలాలు 10 మాత్రమే. గాయమంటే ఏమిటో ఈ లెక్కే చెబుతుంది.

ప్రతి బొమ్మకూ పాయింట్లుంటాయి. 200 పాయింట్ల సైన్యమైతే ఒక వంతుకు రెండే పనులు చేయవచ్చు. ఒకే బొమ్మను వరసగా రెండు వంతులు వాడితే అలసటకు ఒక టిక్కు తానే తినాలి. కనుక ఎవరిని కదపాలి, ఎవరిని ఆపాలి అన్నదే ఆటంతా.

ఇక నా కథ. బొమ్మలు మూసిన పెట్టెల్లో అమ్మేవారు. లోపల ఏముందో తెలియదు. గొప్ప బొమ్మ ఈ పెట్టెలో కాకపోతే రేపటి పెట్టెలో! అలా కొంటూ పోయాను. ఒకరోజు గదిలో వుండే గుంటూరు మిత్రుడు, “ఒరేయ్, బియ్యం డబ్బులేం చేశావురా?” అన్నాడు. అల్మరా తెరిచి చూపించాను. వాడు తిట్టలేదు. “సరే, నాకూ నేర్పు” అని, నేను పక్కన పడేసిన చిల్లర సిపాయిలను ఏరుకుని కూర్చున్నాడు. నా గొప్ప డ్రాగన్‌ను నాలుగువైపులా చుట్టుముట్టి, గంటలోపు పడగొట్టాడు. ఆ తరువాత నేను మూసిన పెట్టె కొనలేదు. కొన్నది ఆటను కాదు, ఆశను అని అర్థమైంది.

అప్పటి యాజమాన్యం 2008లో ఆ కంపెనీని మూసింది. మరుసటేడు వేరే సంస్థ ఆ పేరు కొనుక్కుంది. పాత బొమ్మలు మాత్రం ఇంకా చేతులు మారుతూనే వున్నాయి. మొదలుపెట్టదలచిన వారికి నా సలహా: ముందు అరువు బొమ్మలతో ఆడండి. వంద పాయింట్లు చాలు. మూడడుగుల బల్ల, దర్జీ టేపు, లూడో పాచికలు రెండు, కొండలకు పుస్తకాలు. నచ్చితే, చూసి ఎంచుకున్న బొమ్మనే కొనండి, మెస్సు బిల్లు కట్టిన తరువాత.

వచ్చే వార్షికోత్సవానికి నా బొమ్మలు తెస్తాను. గుంటూరు మిత్రుడూ వస్తానన్నాడు. జాగ్రత్త, వాడికి చిల్లర సిపాయిలు ఇవ్వకండి!