విమానానికి గడియ పెట్టారా?

విమానమనగానే రెక్కలూ, ఇంజనూ జ్ఞాపకం వస్తాయి గాని, తలుపు ఎవరికి జ్ఞాపకం వస్తుంది? మా గోపాల్‌పేటలో నేనీ మాట ఎత్తితే ఒక పెద్దాయన నవ్వి, "తలుపేసుడు గూడ ఒక చదువేనా సారూ?" అన్నాడు. చదువే! ముఖ్యంగా విమానాన్ని ఇంట్లో తయారు చేసుకునేవాళ్ళకు.

ఇంట్లో విమానమేమిటని ఆశ్చర్యపోకండి. అమెరికాలో ఇటువంటివారి కోసం పాల్ పాబెరెజ్నీ 1953లోనే ఒక సంఘం పెట్టాడు. మన దేశంలో అమోల్ యాదవ్ అనే పైలట్ ముంబయిలో తన డాబా మీద ఆరుగురు కూర్చునే విమానం కట్టాడు. 2017లో దానికి ప్రభుత్వ రిజిస్ట్రేషను కూడా లభించింది.

ఇక తలుపు సంగతి. విమానం పోతున్నప్పుడు కాబిన్ వంపు మీదుగా గాలి జోరుగా జారుతుంది. అక్కడ దాని ఒత్తిడి తగ్గుతుంది. లోపలి గాలి తలుపును బయటికి నెడుతుంది. గంటకు 200 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి ఒత్తిడి చదరపు మీటరుకు దాదాపు 190 కిలోల బరువుతో సమానం. అందులో మూడోవంతు పీల్పుగా మారినా, అంతటి తలుపును అరవై కిలోల మనిషి బయటికి తోస్తున్నట్టే గదా!

బందులు ముందువైపు ఉంటే కొంత నయం. గడియ ఊడినా ఎదురుగాలే తలుపును వెనక్కి అదిమి, కొద్ది సందు మాత్రమే ఉంచుతుంది. బందులు పైన ఉంటేనే చిక్కు. ఆర్‌వీ-10 అనే నాలుగు సీట్ల విమానంలో తలుపులు పక్షి రెక్కల్లా పైకి లేస్తాయి. ఒక్క పిడి తిప్పితే ముందొక చువ్వ, వెనకొక చువ్వ చట్రంలోకి దూరాలి. ఫైబర్‌గ్లాసు తలుపు కాస్త వంగితే, ముందు చువ్వ దూరి వెనక చువ్వ చట్రం బయటే ఉండిపోవచ్చు. పిడి మాత్రం పూర్తిగా తిరుగుతుంది! అలా గాలిలో తలుపులు ఊడిపోయిన సందర్భాలున్నాయి. ఊడిన తలుపు తోకకు తగిలితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. తరవాత ఆ కంపెనీయే అదనపు గడియ ఏర్పాటు చేసింది.

పిడిని నమ్మడం పెద్ద విమానాలకూ ముప్పు తెచ్చింది. 1974 మార్చి 3న పారిస్ దగ్గర టర్కీ వారి డీసీ-10 విమానంలో సామాను గది తలుపు ఊడి 346 మంది మరణించారు. బయటి పిడి మూసే ఉన్నది. లోపలి కొక్కేలు పూర్తిగా పడలేదు.

కనుక ఇంట్లో విమానం కట్టేవారు మూడు సంగతులు మరవరాదు. చువ్వలు చట్రంలో దూరినదీ లేనిదీ పైలట్ కంటికి కనబడాలి. హెచ్చరిక దీపం పెడితే దాని స్విచ్చి చువ్వ చివర ఉండాలి గాని, పిడి దగ్గర కాదు. రెండవది, మొదటి గడియతో సంబంధం లేని మరో గడియ ఉండాలి. మూడవది అన్నిటికన్న ముఖ్యం: ఆ గడియలన్నీ బయటినుంచి కూడా సులువుగా రావాలి. పాతకాలపు ఇళ్ళల్లో తలుపుకు అడ్డకర్ర వేస్తే దొంగ రాలేడు, నిజమే. ఇల్లు అంటుకుంటే ఇరుగుపొరుగులూ రాలేరు! విమానం దిగేటప్పుడు తలకిందులైతే, లోపలివారి ప్రాణం బయట పరుగెత్తుకొచ్చినవాడి చేతిలో ఉంటుంది.

ఇంత చేసినా గాలిలో తలుపు తెరుచుకుంటే? హోరుమని చప్పుడు, కాగితాలు ఎగరడం, గుండె ఝల్లుమనడం. అయినా చాలా చిన్న విమానాలు అలాగే ఎగరగలవు. ప్రమాదం ఎక్కువగా తలుపులో లేదు, తలుపును మూయబోయి వేగమూ ఎత్తూ మరిచిపోవడంలో ఉన్నది. అంచేత పైలట్ ముందు విమానాన్ని చూసుకోవాలి. నెమ్మదిగా చుట్టు తిరిగి వచ్చి దిగాలి. నేల మీదికి చేరాక తలుపుతో తీరిగ్గా పోట్లాడవచ్చు.