కుతుబ్ మీనారు వెనుక ఊరు

ఢిల్లీ వెళ్ళిన మనవాళ్ళు కుతుబ్ మీనారు ముందు ఫొటో తీయించుకోకుండా తిరిగిరారు. దాని వెనకాలే మెహ్రౌలీ అనే పాత ఊరొకటి ఉన్నదని మాత్రం చాలామందికి పట్టదు. నగరం నాలుగువైపులా పెరిగి ఆ ఊరిని తనలో కలుపుకున్నది గాని, సందులు మాత్రం సందులుగానే మిగిలాయి.

ముందుగా ఒక దిగుడుబావి చూశాం. 1506 ప్రాంతంలో, సికందర్ లోడీ కాలంలో కట్టినది. పేరు 'రాజోం కీ బావ్‌లీ'. "ఏ రాజులు తవ్వించారో!" అన్నది మా ఆవిడ. రాజులు కారు సుమా! అక్కడ 'రాజ్' అంటే తాపీమేస్త్రీ.

ఈ ఊళ్ళోనే 1235లో పరమపదించిన సూఫీ గురువు కుతుబుద్దీన్ బఖ్తియార్ కాకీ దర్గా ఉన్నది. కొద్ది దూరంలో యోగమాయ గుడి. కంసుడి చేతిలోంచి ఆకాశానికెగిరిపోయిన శ్రీకృష్ణుడి చెల్లెలే ఈ అమ్మవారని స్థానికుల నమ్మకం.

గుడికీ దర్గాకూ కలిపి ఒక పండుగ రావడానికి కారణం ఓ తల్లి మొక్కు అంటారు. రెండో అక్బర్ పాదుషా కొడుకు మీర్జా జహంగీర్ ఎర్రకోటలో ఇంగ్లీషు రెసిడెంటు మీద తుపాకి పేల్చాడు. కుంఫిణీవారు వాణ్ణి అలహాబాదుకు పంపేశారు. వాడు తిరిగివస్తే దర్గాకు పూలదుప్పటి కప్పుతానని తల్లి ముంతాజ్ మహల్ మొక్కుకున్నది. వచ్చాడు. 1812 ప్రాంతంలో ఆమె ఊరేగింపుగా వచ్చి మొక్కు చెల్లించింది. యోగమాయకూ పూల విసనకర్ర సమర్పించారు. జనం ఎంత ముచ్చటపడ్డారంటే, అది 'ఫూల్‌వాలోం కీ సైర్' అనే ఏటేటి పండుగ అయింది. (కొడుకు మాత్రం బాగుపడలేదు. మళ్ళీ అలహాబాదుకే పంపారు. అక్కడే తాగి తాగి 1821లో పోయాడు.)

దర్గా పక్కన మొగలాయి పాదుషాల సమాధులున్నాయి. 1709లో మన హైదరాబాదు దగ్గర సవతి తమ్ముడు కాంబక్షును ఓడించిన మొదటి బహదూర్ షా ఇక్కడే ఉన్నాడు. చివరివాడైన బహదూర్ షా జఫర్ తనకని ఉంచుకున్న చోటు ఖాళీ. ఆయన 1862లో రంగూన్‌లో ఖైదీగా కన్నుమూశాడు. అక్కణ్ణించి నాకు కాసేపు కాలు కదలలేదు.

1942లో ఇంగ్లీషువారు పండుగ ఆపేశారు. 1947 అల్లర్లలో అంతకన్న ఘోరం జరిగింది. ముస్లిములు ఇళ్ళు వదిలి పారిపోయారు, దర్గా పాలరాతి జాలీలు పగిలాయి. 1948 జనవరి 13న గాంధీజీ నిరాహారదీక్ష పూని పెట్టిన షరతుల్లో ఒకటి ఈ ఊరి గురించే: దర్గా ఉరుసు జరగాలి, ముస్లిములు నిర్భయంగా రావాలి. ఉరుసు జరిగింది. దీక్ష విరమించిన తొమ్మిదో రోజున, 27వ తేదీన, ఆయనే స్వయంగా వచ్చారు. పగిలిన జాలీలు చూసి బాధపడ్డారు. మరి మూడు రోజులే బతికారు.

పూల పండుగను 1960ల తొలినాళ్ళలో నెహ్రూగారి ప్రోత్సాహంతో మళ్ళీ మొదలుపెట్టారు.

మేము వెళ్ళింది పండుగ రోజుల్లో కాదు. అయినా దర్గా సందులో గులాబీలు రాసులు పోసి అమ్ముతున్నారు. మా ఆవిడ రెండు పొట్లాలు కట్టించింది.