ఎండుటాకుల మీద వసంతం

వసంతం అనగానే పచ్చదనం గుర్తుకొస్తుంది. ఉర్దూ పాఠాల్లోని బహార్ కూడా గులాబీలతో, సెలయేళ్లతో నిండి ఉంటుంది. ఆ పాఠాలు బోధించేటప్పుడల్లా మాకో చిక్కు వచ్చిపడుతుంది. మన దక్కనులో వసంతం వచ్చేది ఆకు రాలి, వాగులు అడుగంటిన వేళ కదా! దాన్ని కళ్లారా చూపించాలని ఫిబ్రవరి చివరి వారంలో కొందరు విద్యార్థులను వెంటబెట్టుకుని వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలకు వెళ్లాము.

ముందుగా కంటబడింది మోదుగ. చెట్టుకు ఒక్క ఆకు లేదు, కొమ్మ కొమ్మకూ నిప్పు రంగు పూలే. వాసన లేని పువ్వది. అయినా గోరువంకలు, తేనెపిట్టలు దాన్ని వదలవు. తేనె తాగి, తలకంటిన పుప్పొడిని మరో చెట్టుకు చేరవేస్తాయి. ఆకులు అడ్డు లేవు గనుక ఆ రంగు వాటికి దూరం నుంచే కనిపిస్తుంది. ఎంతకూ మారని వ్యవహారాన్ని ఉర్దూలో ‘వహీ ఢాక్ కే తీన్ పాత్’ అంటాము. ఢాక్ అంటే ఈ మోదుగే. దాని ఆకులో ఎప్పుడూ మూడేసి రేకులు. ఆ సామెతను ఇంట్లో రోజూ వినే పిల్లలకు చెట్టు మాత్రం తెలియదు!

పైనెక్కడో ‘టుక్, టుక్’మని రేకు మీద సుత్తితో కొట్టినట్టు శబ్దం. కంసాలిపిట్ట. ఉత్తరాదిన దీన్ని ఛోటా బసంతా అంటారు. పిచ్చుకంత ఉండే ఆ ఆకుపచ్చ పిట్టను ఎండు కొమ్మ మీద పట్టుకోవడానికి మాకు పావుగంట పట్టింది. పక్షి శాస్త్రవేత్త సాలిం అలీ 1931-32లో నిజాం రాజ్యమంతా తిరిగి ఇక్కడి పక్షుల వివరాలు సేకరించారు. చిన్నప్పుడు తాను కొట్టిన పిచ్చుక మెడ మీద పసుపు మచ్చ చూసి, అదేమిటో తెలుసుకోవాలని బయలుదేరిన మనిషి ఆయన. ఈ కథ విన్నాక పిల్లలు అడుగు నెమ్మదిగా వేయసాగారు.

చెట్లు ఆకు రాల్చేది నీటిని ఆదా చేసుకోవడానికి. కొత్త చిగురు మాత్రం వాన కోసం ఆగదు. ఎండలు ముదురుతున్న వేళలోనే రావి, ఇప్ప ఎర్రటి లేతాకులు తొడుగుతాయి. రాలినవాటిని మనం చెత్త అనుకుంటాము. కానీ సాత్ భాయీ పిట్టలు ఏడెనిమిది గుంపుగా దిగి, అరుచుకుంటూ, ఒక్కొక్క ఎండుటాకునూ తిరగేసి పురుగులు ఏరుకుంటాయి. రాత్రిళ్లు వేటాడి, పగలంతా ఎండుటాకుల రంగులో కలిసిపోయి కూర్చునే పక్షి కూడా ఒకటుంది. అది గూడు కట్టదు. ఈ నేల మీదే గుడ్లు పెడుతుంది.

ఒక మలుపులో నేలంతా నల్లగా మాడి ఉంది. మధ్యలో మూడు రాళ్ల పొయ్యి, పక్కన ప్లాస్టిక్ పళ్లాలు. ఇప్ప పూలు ఏరుకోవడానికి, బీడీ ఆకుకు తునికి బాగా చిగురించడానికి అడవుల్లో నిప్పు పెట్టే అలవాటు పాతదే. తునికి వేళ్ల నుంచి మళ్లీ లేస్తుంది. ఈ ఏటి లేత మొలకలు లేవలేవు, గుడ్లు ఎగిరిపోలేవు. బీడీలు చుట్టి బతికే కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. వాళ్ల పొట్ట కొట్టమని మేము అనము. విందు కోసం వచ్చి నిప్పు రాజేసి పోయేవాళ్లకు ఆ అవసరమైనా లేదు కదా!

మూసీ పుట్టేది ఈ కొండల్లోనే. 1908 వరదల తరువాత దాని మీద కట్టి, 1920లో పూర్తి చేసిన ఉస్మాన్‌సాగర్‌కు నీరొచ్చేది ఇటు నుంచే. ఆకుల పొర ఉన్నచోట వాననీరు నిలిచి నేలలోకి ఇంకుతుంది. మాడిన నేల మీద పడ్డ వాన మట్టిని కోసుకుంటూ ఒక్క పరుగున దిగిపోతుంది.

మధ్యాహ్నం కాలని ఆకుల పక్కన, చెట్టు నీడలో దస్తర్‌ఖాన్ పరిచాము. ఇంటి నుంచి డబ్బాల్లో తెచ్చిన ఖిచిడీ, ఖీమా చల్లారిపోయాయి. పిల్లలు డబ్బాలన్నీ ఖాళీ చేశారు.