ఏప్రిల్‌లో కరిగిపోయే గది

గోడలు మంచువి. పైకప్పు మంచుదే. మంచం ఐసుగడ్డ... కుర్చీ, బల్ల కూడా అంతే! స్వీడన్ ఉత్తరాన, ఆర్కిటిక్ వలయానికి ఎగువన యుక్కస్‌యార్వి అనే చిన్న ఊరుంది. అక్కడి 'ఐస్‌హోటల్' గదులివి. డిసెంబరులో తెరిస్తే ఏప్రిల్ దాకా ఉంటాయి. ఆ తర్వాత కరిగి, నీళ్లన్నీ పక్కనున్న టోర్నె నదిలో కలిసిపోతాయి. మళ్లీ చలికాలానికి కొత్త హోటల్, కొత్త గదులు. 1990లో ఇక్కడ ఓ కళాప్రదర్శన కోసం కట్టిన ఇగ్లూలో కొందరు సందర్శకులు రాత్రి పడుకున్నారు. అలా మొదలైంది ఈ ముచ్చట.

నాలుగు నెలల గదే కదా అని ఎలాగోలా కట్టేయరు. ఏటా రకరకాల దేశాల నుంచి కళాకారులు నమూనాలు పంపిస్తారు. ఎంపికైనవాళ్లే వచ్చి చెక్కాలి. అందరూ శిల్పులే కానక్కర్లేదు, అంతకుముందు ఐసు మీద ఉలి పెట్టనివాళ్లూ వస్తుంటారు. చేతిలో ఉండేది మాత్రం సుమారు రెండు వారాలే!

గది కట్టడానికి ఉత్త మంచు చాలదు. స్నో, ఐసు కలగలిసిన 'స్నైస్' అనే మిశ్రమాన్ని కమానులాంటి ఉక్కు అచ్చుల మీద చిమ్ముతారు. గట్టిపడ్డాక అచ్చు లాగేస్తారు. లోపల చెక్కడానికి నది ఐసు వాడతారు. పారే నీళ్లు నెమ్మదిగా గడ్డకట్టడంతో బుడగలుండవు, అద్దంలా ఉంటుంది. దాని వెనక దీపం పెడితే గడ్డంతా వెలుగుతుంది. అయితే దీపం వేడెక్కితే శిల్పం కారిపోతుంది. అందుకే ఎల్‌ఈడీలే వాడతారు.

ఇంత చేసినా అది పడకగదే. అతిథికి నిద్ర పట్టకపోతే ఎంత గొప్ప శిల్పమైనా దండగ. అందుకే ఐసు మంచం మీద పరుపు, దానిపై రెయిన్‌డీర్ చర్మాలు, ఆపైన దళసరి స్లీపింగ్ బ్యాగు. బయట మైనస్ 30 ఉన్నా లోపల మైనస్ 5 నుంచి 8 డిగ్రీలే. మనింట్లో ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర ఉంటుంది, దానికంటే గదే నయం! బాత్రూము మాత్రం పక్కనున్న వెచ్చటి భవనంలో. అర్ధరాత్రి లేవాల్సివస్తే ఆ తిప్పలు పడాల్సిందే.

మామూలు హోటల్లో ఓ వింత గది కట్టించాలంటే యజమాని పదిసార్లు ఆలోచిస్తాడు. నచ్చకపోతే ఏళ్ల తరబడి భరించాలి మరి. ఇక్కడ ఆ బెంగ లేదు. ఎవరికీ నచ్చకపోయినా ఏప్రిల్ ఎలాగూ వస్తుంది! ఇన్ని వింత నమూనాలకు చోటు దొరకడానికి అదీ ఓ కారణమే అనిపిస్తుంది.

2016లో పక్కనే ఏడాదంతా ఉండే మంచు భవనాన్నీ తెరిచారు. అక్కడ ఎండాకాలంలో అర్ధరాత్రి కూడా సూర్యుడు అస్తమించడు. ఆ ఎండతోనే కరెంటు తయారుచేసి గదుల్ని చల్లబరుస్తారు. అయినా పాత పద్ధతిని వదల్లేదు. గదుల్లో అతిథులు ఇంకా నిద్రపోతుండగానే మార్చిలో నది మీదికి యంత్రాలు దిగుతాయి. వచ్చే చలికాలం గదులకు కావాల్సిన ఐసును దిమ్మెలుగా కోసి గోదాముకు చేర్చడం మొదలవుతుంది.