పొడ తూర్పు: మన నల్లమల పశువు

కురుమూర్తి జాతర నుంచి ఎవరన్నా ఎడ్ల జత తోలుకొస్తే మా ఊళ్ళో అడిగే మొదటి మాట, "తూర్పు ఎడ్లేనా?" చిన్నప్పుడు తూర్పు అంటే ఏదో ఊరి పేరనుకునేవాణ్ణి. తర్వాత తెలిసింది. మహబూబ్‌నగర్ వైపు వాళ్ళకు అమ్రాబాద్ గుట్టలు, నల్లమల అడవి తూర్పున ఉంటాయి. అటునుంచి వచ్చినవి కాబట్టి తూర్పు. తెల్లటి ఒంటిమీద గోధుమరంగు మచ్చలో, గోధుమరంగు ఒంటిమీద తెల్ల మచ్చలో ఉంటాయి కాబట్టి పొడ. పొడ అంటే మచ్చే కదా!

ఈ పొడ తూర్పు జాతిని కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ 2020లో అధికారికంగా నమోదు చేసింది. లంబాడీలు, గొల్లలు తరతరాలుగా పెంచుకొచ్చిన జాతికి పుస్తకాల్లో పేరు ఎక్కింది మాత్రం మొన్నమొన్ననే.

ఇంతకీ దీని గొప్పేంటి? మన భాషలో చెప్పాలంటే కూలింగ్ సిస్టమ్. మూపురం ఉన్న మన నాటు పశువులకు చెమట గ్రంథులు పెద్దవి, చర్మం పైపొరకు దగ్గరగా ఉంటాయి. వెంట్రుకలు పొట్టిగా, నున్నగా ఉండి ఎండను వెనక్కి కొడతాయి. వదులు చర్మం, వేలాడే గంగడోలు వల్ల బరువుకు తగ్గ చర్మం కంటే ఎక్కువే ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, ఒంట్లో పుట్టే వేడే తక్కువ. విదేశీ ఆవు రొప్పుతూ నిలబడే ఎండలో ఇది మేస్తుంటది.

ఇంకోటి తిండి. ఎండుగడ్డిలో ప్రొటీన్ తక్కువ. అప్పుడు నెమరువేసే పశువు తన ఒంట్లోని యూరియాను మూత్రంలో పోనివ్వకుండా, లాలాజలం ద్వారా మళ్ళీ పొట్టకు పంపిస్తుంది. అక్కడి సూక్ష్మజీవులు దాన్నే ప్రొటీన్‌గా మారుస్తాయి. ఎండాకాలం అడవిలో బతికే మందకు ఈ రీసైక్లింగే ప్రాణం. పిడుదులు కూడా నాటు పశువును సంకర జాతి ఆవును పట్టినంతగా పట్టవు.

గట్టి జాతే కదా అని వదిలేయకూడదు. దూడ పుట్టిన గంట, రెండు గంటల్లోపే జున్నుపాలు తాగాలి. తల్లి రక్తంలోని రోగనిరోధక శక్తి కడుపులో ఉన్నప్పుడు దూడకు అందదు, ఆ పాలతోనే అందాలి. వానలు మొదలుకాకముందే గొంతువాపు, జబ్బవాపు టీకాలు వేయించాలి. ఆరు నెలలకోసారి గాలికుంటు టీకా, వేళకు నట్టల మందు, నాకడానికి ఉప్పు గడ్డ ఉండాలి. 2022లో లంపీ చర్మ వ్యాధి దేశమంతా పాకినప్పుడు నాటు పశువులూ పడిపోయాయి. ఎండను ఓర్చుకోవడం వేరు, వైరస్‌ను ఓర్చుకోవడం వేరు.

అసలు చిక్కు మాత్రం రోగాలది కాదు. ఈ ఆవు ఇచ్చేది రోజుకు రెండు మూడు లీటర్ల పాలే. పెంచేవాళ్ళకు డబ్బు వచ్చేది కోడెలు అమ్మితేనే. గిట్టలు గట్టివి, నడక జోరు, రాళ్ళ చెల్కల్లోనూ బురద మడిలోనూ ఆగవు. అందుకే గిరాకీ. ట్రాక్టర్ వచ్చాక ఆ గిరాకీ తగ్గింది. కోడెను కొనేవాడు లేకపోతే ఆవును మేపేదెవరు? మేపే అడవి కూడా ఇప్పుడు పులుల అభయారణ్యం, ఆంక్షలుంటాయి. పాలకోసం వేరే జాతితో సంకరం చేస్తే పాలు పెరుగుతాయి గానీ, ఎండకు తట్టుకునే ఆ గుణం పలచబడుతుంది. ఎండలు ముదిరే రోజుల్లో మనకు కావాల్సింది సరిగ్గా ఆ గుణమే.

మా తాత ఆఖరి జతను నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు అమ్మేశాడు. మొన్న సెలవులకు పోయినప్పుడు చూస్తే కొట్టంలో మోటారు పైపులున్నాయి. "తాతా, మళ్ళా కొందామా?" అన్నా.

"కొనుడు ఎంతసేపు బిడ్డా! పొద్దుగాల లేసి మేతెయ్యనీకి నువ్వుంటవా మరి?"

నా దగ్గర జవాబు లేదు. సోమవారం నాకు ల్యాబ్ ఉంది.