బొమ్మ ఓడకు బీచి గాలే హుద్‌హుద్

విశాఖ ఉక్కునగరం నుంచి వచ్చిన ఒక ఉత్తరం ఈ నెల మిగతా పనులన్నీ పక్కన పెట్టించింది. అజంతా గోడమీది చిత్రం ఆధారంగా, పలకలను కొబ్బరితాడుతో కుట్టి కట్టిన కౌండిన్య ఓడ 2025 డిసెంబర్ 29న పోరుబందరులో బయలుదేరి 2026 జనవరి 14న మస్కట్ చేరింది. ఆ వార్త చూసి ఒక పాఠకుడు దాని నమూనా కట్టారు. యాభైకి ఒకటి కొలత. 19.6 మీటర్ల ఓడ 39 సెంటీమీటర్లయింది. పలకలు, తెరచాపలు, మోకులు, చుక్కాని బదులు ఉండే పెద్ద తెడ్లు, అన్నీ అదే లెక్కన తగ్గించారు. తొట్టిలో వదిలితే నిటారుగా తేలింది. టేబుల్ ఫ్యాన్ వేయగానే బోల్తా కొట్టింది. అరేబియా సముద్రం దాటిన ఓడను ఉన్నదున్నట్టు తగ్గిస్తే అది తొట్టి కూడా దాటలేదేమని ఆయన ప్రశ్న.

ఉన్నదున్నట్టు తగ్గించినందుకే దాటలేదు. ఇంతకంటే అందమైన లెక్క ఓడల శాస్త్రంలో నాకు కనబడలేదు.

ముందు ఓడ ఎలా నిలబడుతుందో రెండు ముక్కల్లో చెప్పుకుందాం. ఓడ బరువు గరిమనాభి దగ్గర కిందికి లాగుతుంది. నీరు పైకి తోస్తుంది. ఓడ ఓ పక్కకు ఒరిగినప్పుడు ఆ పక్క ఎక్కువ భాగం మునుగుతుంది కాబట్టి నీటి తోపు అటు జరుగుతుంది. బరువు కిందికి, తోపు పైకి, రెంటి మధ్య కొంచెం ఎడం. ఆ ఎడమే ఓడను మళ్లీ లేపుతుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త పియర్ బూగే దీన్ని 1746లో గ్రంథస్థం చేశాడు. భూమి ఆకారం కొలవడానికి దక్షిణ అమెరికా వెళ్లి, ఆండీస్ కొండల్లో ఏళ్ల తరబడి ఉన్న కాలంలో ఆయన ఓడల గురించి రాసుకున్నాడు. ఓడ నిలకడకు గుర్తుగా నేటికీ నౌకా ఇంజనీర్లు లెక్కగట్టే మెటాసెంటర్ అనే బిందువు ఆయన ఇచ్చిందే.

ఇక అసలు విషయం. ఓడను ఒరగదోసేది తెరచాప మీది గాలి. పొడవు 50వ వంతుకు తగ్గితే తెరచాప వైశాల్యం 2,500వ వంతుకు దిగుతుంది. గాలి తాకే ఎత్తు 50వ వంతుకు దిగుతుంది. రెండూ కలిపితే ఒరగదోసే శక్తి 1,25,000వ వంతు. మరి లేపేది? ఓడ బరువు. అది ఘనపరిమాణంతో పాటు 1,25,000వ వంతుకు దిగిపోయింది. పైగా ఇందాక చెప్పిన ఎడం కూడా 50వ వంతే. కాబట్టి లేపే శక్తి 62,50,000వ వంతు. పడదోసేది ఒక మేర తగ్గితే, నిలబెట్టేది దానికంటే 50 రెట్లు ఎక్కువగా తగ్గింది. ఓడ చిక్కింది గానీ గాలి చిక్కలేదు.

ఇప్పుడు దీన్ని గాలి వేగంలోకి మార్చండి. గాలి ఒత్తిడి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 50కి వర్గమూలం దాదాపు 7. అంటే నమూనాకు తగిలే ఏ గాలినైనా 7తో గుణిస్తే, అసలు ఓడకు అది ఎంత గాలో తెలుస్తుంది. వేసవి సాయంత్రం రామకృష్ణా బీచిలో గంటకు 25 కిలోమీటర్ల గాలి వీస్తే మనం హాయిగా కూర్చుంటాం. 39 సెంటీమీటర్ల ఓడకు అది గంటకు 175 కిలోమీటర్ల గాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు వాతావరణ శాఖ చెప్పిన వేగం 170 నుంచి 180. ఆ రోజు విశాఖలో ఉన్నవారికి ఇంకేం వివరించనక్కర్లేదు. మన పాఠకుడు టేబుల్ ఫ్యాన్ ముందు తన ఓడను అలాంటి గాలికే అన్ని తెరచాపలూ ఎత్తి నిలబెట్టారు. అలలదీ ఇదే కథ. అడుగు ఎత్తు అల నమూనా పక్కన 50 అడుగుల అల.

ఇంకో వింత ఉంది. తాళ్లు తెగవు! మోకు మందపు వర్గాన్ని బట్టి దాని బలం ఉంటుంది, అది 2,500వ వంతుకు దిగింది. ఒకే గాలిలో దాని మీది లాగుడూ 2,500వ వంతుకే దిగింది. తెరచాప కొయ్య వంపు లెక్క కూడా ఇలాగే సరిపోతుంది. అంటే అసలు ఓడను హుద్‌హుద్‌లో పెడితే ముందు చాప చిరగొచ్చు, కొయ్య విరగొచ్చు. నమూనాకు మాత్రం చిన్న దారమైనా తెగదు, ఓడే పడుకుంటుంది. దారం గట్టిదా కాదా అని దుకాణాల్లో తెంపి చూసే అభిరుచిపరులు ఇది గమనించాలి. చూడాల్సింది బలం కాదు, తేమ. పేనిన నూలు దారం తడికి ఉబ్బి పొట్టిదవుతుంది, ఎండితే వదులవుతుంది. విశాఖ ఉక్కపోతలో బిగించి కట్టిన మోకులు ఏసీ గదిలోకి వెళ్లగానే వేలాడతాయి. పాలిస్టర్ దారానికి ఆ బెడద బాగా తక్కువ. నూలే కావాలంటే తేనెమైనం పట్టించండి, నూగు కూడా అణుగుతుంది.

కొయ్యను పక్కల నుంచి పట్టి ఉంచే మోకులను ఎడమ ఒకటి, కుడి ఒకటిగా మార్చి మార్చి కట్టాలి. ఒక పక్కవన్నీ ముందే బిగిస్తే కొయ్య అటే వంగిపోతుంది, రెండో పక్క ఎంత లాగినా సరికాదు. మన నౌకాదళపు తరంగిణి లాంటి మూడు కొయ్యల ఓడ కడుతున్నారా? 54 మీటర్లది 108 సెంటీమీటర్లవుతుంది. ఆ మోకులకు అడ్డంగా నావికులు ఎక్కే తాడు మెట్లుంటాయి. మెట్టుకూ మెట్టుకూ దాదాపు 40 సెంటీమీటర్లు, నమూనాలో 8 మిల్లీమీటర్లు. రూళ్ల నోటుపుస్తకంలో గీతల ఎడం ఇంచుమించు అంతే. స్కేలుతో సరిచూసుకుని ఆ కాగితం వెనక పెట్టుకుంటే ముడులు వరస తప్పవు.

నిలకడ లెక్క తెలియక మునిగినవారి జాబితాలో మొదటి పేరు స్వీడన్ ఓడ వాసాది. 1628 ఆగస్టు 10న స్టాక్‌హోమ్ రేవులో మొదటి ప్రయాణంలోనే, కిలోమీటరున్నర కూడా పోకముందే మునిగింది. అంతకుముందే 30 మందిని డెక్ మీద ఈ పక్క నుంచి ఆ పక్కకు పరుగెత్తించి పరీక్ష చేశారు. ఓడ ఊగిన తీరు చూసి మూడో పరుగుతోనే ఆపించేశారు. ఆపారు గానీ ప్రయాణం మానలేదు. ఇవాళ నమూనాలు కట్టేవారికి ప్రపంచమంతటా ఇష్టమైన ఓడల్లో వాసా ఒకటి. దాన్ని నీళ్లలో వదలాలనుకునేవారు అసలుదే నిలబడలేదన్న సంగతి మరవకూడదు.

రెండోది నన్ను ఎక్కువ బాధించేది. బ్రిటిష్ యుద్ధనౌక కెప్టెన్. ఫిరంగి బురుజులు అన్ని వైపులకూ తిరగాలని, పక్క మోకులు అడ్డం వస్తున్నాయని దాని రూపకర్త కూపర్ కోల్స్ ఆ ఓడకు ముక్కాలి కొయ్యలు పెట్టించాడు. పైన నిండుగా తెరచాపలు. నీటి పైకి ఉండాల్సిన అంచు కట్టేసరికి అనుకున్నదానికంటే అడుగున్నర తగ్గింది. అంచు మునిగాక నీటి తోపు పక్కకు జరగడం ఆగిపోతుంది, లేపే శక్తి పడిపోతుంది. నౌకాదళ ముఖ్య నిర్మాణకర్త ఎడ్వర్డ్ రీడ్ వద్దని మొత్తుకున్నాడు. 1870 సెప్టెంబర్ 7న స్పెయిన్ తీరం దగ్గర గాలివానలో తిరగబడింది. 470 మందికి పైగా పోయారు, వారిలో కోల్స్ కూడా ఉన్నాడు. కొయ్యలు గట్టివే, ఓడే నిలబడలేదు.

అదే 1870లో ఇంగ్లాండులో విలియం ఫ్రూడ్ చిన్న నమూనాలను నీళ్లలో లాగి పెద్ద ఓడ సంగతి చెప్పొచ్చని వాదిస్తున్నాడు. జాన్ స్కాట్ రసెల్ దాన్ని కొట్టిపారేశాడు. అవి చేసేవాడికి ముచ్చట తీర్చే ప్రయోగాలే తప్ప పెద్ద ఓడకు పనికిరావన్నాడు. రసెల్ సామాన్యుడు కాదు, గ్రేట్ ఈస్టర్న్ అనే మహా ఓడ కట్టినవాడు, కాలువలో ఒంటరి అలను మొదట గుర్తించినవాడు. అయినా ఆయన అన్నది తప్పే. నమూనాను అసలు ఓడ వేగంతో లాగకూడదని, కొలత వర్గమూలాన్ని బట్టి వేగం తగ్గించాలని, అప్పుడే రెండింటి అలల తీరు ఒకటవుతుందని ఫ్రూడ్ కనిపెట్టాడు. ఇందాకటి 7 ఉందే, అది ఇదే. కాలానికీ అదే లెక్క. అసలు ఓడ 7 సెకన్లకు ఒకసారి ఊగితే నమూనా సెకనుకొకసారి ఊగుతుంది. సినిమాల్లో బొమ్మ ఓడలను అందుకే వేగంగా తీసి నెమ్మదిగా చూపించేవారు. ఒక్క చిక్కు మిగిలింది, నీటి రాపిడి ఈ లెక్కకు లొంగదు. దాన్ని ఫ్రూడ్ పలకలు లాగి విడిగా కొలిచి, నమూనా లెక్కలోంచి తీసివేసి, అసలు ఓడకు ఎంతో లెక్కగట్టి మళ్లీ కలిపాడు. 1872లో టోర్కీలో ఆయన తొట్టి పని మొదలెట్టింది.

దాని సంతతి మన విశాఖలోనే ఉంది. 1969లో పెట్టిన నౌకా విజ్ఞాన సాంకేతిక ప్రయోగశాలలో 500 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, 8 మీటర్ల లోతు గల తొట్టి ఉంది. యుద్ధనౌకల నమూనాలను అందులో లాగి చూస్తారు. కౌండిన్య నమూనాను మద్రాసు ఐఐటీలో పరీక్షించారు. ఆ ఓడకు పాత నక్షాలేవీ లేవు, గోడమీది చిత్రం తప్ప. శాతవాహనుల సీసపు నాణేల మీద రెండు కొయ్యల ఓడ ఉంది గానీ, దాన్ని కట్టాలనుకునేవారికి ఏ మోకు ఎక్కడ ముడివేశారో ఆ నాణెం చెప్పదు. అలాంటప్పుడు నీళ్లే చెప్పాలి.

నా ఫిర్యాదు ఇక్కడే. 1948లో జల ఉష అనే ఓడ నీళ్లలోకి దిగిన ఊరు ఇది. ఎన్‌సీసీ నౌకా విభాగం పిల్లలకు ఓడ నమూనాల పోటీలున్నాయి. విశాఖ మ్యూజియంలో నమూనాలు అద్దాల వెనక ఉన్నాయి. బడిపిల్లలు తమ ఓడను గాలికి వదిలి చూసుకునే చిన్న కొలను ఒకటి మాత్రం బీచి రోడ్డులో లేదు. ఉండాలి.

పాఠకుడి ఓడకు మందు చెబుతాను. మొత్తం 400 గ్రాములు, చాప 500 చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. బీచి గాలి దాని మీద సుమారు 150 గ్రాముల బరువంత తోస్తుంది, 15 సెంటీమీటర్ల ఎత్తున. గుణిస్తే 2,250. ఓడ 30 డిగ్రీలు ఒరిగినప్పుడు సొంతంగా లేచే శక్తి, ఎడం ఒక సెంటీమీటరు అనుకున్నా, 400. చాలదు. ఆ 400 గ్రాముల్లో 200 తీసి, సన్నని పలక చివర, 20 సెంటీమీటర్ల లోతున వేలాడదీయండి. 30 డిగ్రీలకు అది 10 సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది, 2,000 కలుస్తుంది. ఓడ ఒరుగుతుంది, పడదు. ఆ పలకను ఊడదీసేలా బిగిస్తే షోకేసులో పెట్టేటప్పుడు అసలు రూపమే మిగులుతుంది. బరువుకు సీసం వద్దు, ఇంట్లో కరిగిస్తే విషం. ఉక్కు ముక్క చాలు, కాస్త పెద్దదవుతుందంతే, ఉక్కునగరంలో దానికి కొదవా? మోకులన్నీ కట్టాక కాదు, వట్టి ఒళ్లు తయారైన రోజునే తొట్టిలో వేసి ఈ పరీక్ష చేయండి.