రైల్లో మాయమైన వృద్ధురాలు: అందరూ ఎందుకు అబద్ధమాడారు?

కరోల్ బాగ్ (న్యూఢిల్లీ): నడుస్తున్న రైల్లో ఓ వృద్ధురాలు అదృశ్యమవుతుంది. ఆమె అసలు రైలే ఎక్కలేదని తోటి ప్రయాణికులు ముక్తకంఠంతో చెబుతారు. ఆమెతో కలిసి టీ తాగిన యువతి మాటను నమ్మేవారు కరవవుతారు. ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ 1938లో తెరకెక్కించిన 'ది లేడీ వానిషెస్' చిత్రంలోని చిక్కుముడి ఇదే. ఎథెల్ లీనా వైట్ 1936 నాటి నవల 'ది వీల్ స్పిన్స్' దీనికి ఆధారం.

కుట్రదారులు అబద్ధమాడడంలో వింత లేదు. కుట్రతో ఏ సంబంధమూ లేనివారు ఎందుకు ఆడారన్నదే అసలు విశేషం. ఇద్దరు ఆంగ్లేయులకు మాంచెస్టర్ టెస్టు మ్యాచ్ చూడాలన్న ఆత్రం. రైలు ఆగితే ఆట తప్పిపోతుందని నిజం దాచేస్తారు. ప్రియురాలితో రహస్యంగా ప్రయాణిస్తున్న న్యాయవాదికి పరువు భయం. ప్రేక్షకులను నవ్వించే ఈ చిల్లర స్వార్థాలే ఒక నిండు ప్రాణం మీదికి తెస్తాయి. హాస్యాన్ని తొలగిస్తే ఇందులో మిస్టరీయే నిలవదు. రైలెక్కే ముందు యువతి తలకు దెబ్బ తగిలింది కనుక, ఇదంతా భ్రమేనని తేల్చేందుకు ఓ వైద్యుడూ సిద్ధంగా ఉంటాడు.

ఢిల్లీ నుంచి హైదరాబాద్ వెళ్లే తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లోనైతే టీటీఈ వద్ద ప్రయాణికుల జాబితా ఉంటుంది. ఈ రైల్లో మాత్రం తోటివారి మాటే సాక్ష్యం. రొదలో తన పేరు వినబడక వృద్ధురాలు కిటికీ అద్దంపై వేలితో 'ఫ్రాయ్' అని రాస్తుంది. తర్వాత ఆ అక్షరాలు యువతి కంటపడతాయి; ఇతరులకు చూపేలోగా రైలు సొరంగంలోకి దూసుకెళ్తుంది, అవి చెరిగిపోతాయి. కథ మొదలయ్యే బాండ్రికా దేశమూ కల్పితమే, అక్కడి భాషా కల్పితమే. అర్థం కాకపోవడమే ఆ భాష పని!

ఈ ప్రయాణంలో చాలా భాగాన్ని లండన్‌లోని ఇస్లింగ్టన్ స్టూడియోలో చిత్రీకరించారు. వేగంలో చాలావరకు వెనుక తెరపై ప్రసరింపజేసిన దృశ్యాలదీ, నమూనా రైళ్లదే.

చిత్రం విడుదలకు కొద్ది రోజుల ముందే, 1938 సెప్టెంబరు చివర్లో, హిట్లర్‌తో బ్రిటన్, ఫ్రాన్స్ మ్యూనిక్ ఒప్పందం కుదుర్చుకున్నాయి. తెరపై సైనికులు రైలును చుట్టుముట్టినప్పుడు, రాజీ కోరుతూ తెల్ల రుమాలు ఊపుతూ దిగిన ఆ న్యాయవాదే తూటాకు బలవుతాడు.

క్రికెట్ అభిమానులిద్దరూ చివరకు లండన్ చేరతారు. తీరా చూస్తే, మ్యాచ్ రద్దయినట్లు పత్రికల ప్రకటన. వాస్తవంలోనూ ఆ ఏడాది జూలైలో మాంచెస్టర్‌లో ఇంగ్లండ్, ఆస్ట్రేలియా మధ్య జరగాల్సిన టెస్టు ఒక్క బంతీ పడకుండానే వర్షార్పణమైంది.